రాతి గోడలు, పాత దూలాలు, ఐరన్ ఫ్రేము: జాయింటు ఎక్కడ, ఎలా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో తాతల నాటి మట్టి మిద్దె. రాతి గోడలు, రాళ్ళ మధ్య మట్టి అడుసు. మిద్దె ఉరుస్తోందని మన్ను దించేసి, వాలు కప్పు లేపి మంగళూరు పెంకులు వేయాలనుకుంటున్నారు. హాలు 24 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. నడుమ కంబాలు ఉండకూడదు. దించిన దూలాలు, దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచే సన్న కర్రలు) పారేయడానికి మనసు ఒప్పడం లేదు, వాటినే పైకప్పులో వాడాలి. వెల్డింగ్ ఆయన "ఐరన్ ఫ్రేము నిలబెట్టి, దూలానికి రెండు పక్కలా ప్లేట్లు పెట్టి నాలుగేసి బోల్టులు బిగిస్తే ఏనుగెక్కినా కదలదు" అన్నాడు. ఆచారి మాత్రం "కర్రను అట్ల బిగిస్తే చీలుతుంది, నేను చేయను" అని పనిముట్లు సర్దుకున్నాడు. ఎవరి మాట వినాలి, దూలానికి ఎన్ని బోల్టులు కావాలి అన్నది మీ ప్రశ్న. ఒక దూలం మీద చెక్కిన పువ్వు ఉందని, అది కనపడాలని కూడా రాశారు. దాని సంగతి చివర్లో చెప్తాను.

నేను కర్నూల్లో స్ట్రక్చర్ డిజైన్ పని చేస్తాను. నంద్యాల నుంచి తాడిపత్రి దాకా ఇలాంటి పాత ఇళ్ళు చాలానే చూశాను. కదలకూడదన్న వెల్డింగ్ ఆయన ఉద్దేశం మంచిదే, పద్ధతి తప్పు. చీలుతుందన్న ఆచారి మాట నిజం, కానీ అసలు చేయనే చేయను అనక్కర్లేదు. కర్రను ఇనుము మీద కూర్చోబెట్టాలి, బోల్టుకు వేలాడదీయకూడదు. బరువు మోసేది కింది పీట. బోల్టు పని కర్ర లేచిపోకుండా, పక్కకు జారకుండా పట్టుకోవడం వరకే. ఇది ఒప్పుకుంటే ఎన్ని బోల్టులు అన్న ప్రశ్న చాలా చిన్నదైపోతుంది.

అయినా బరువుల లెక్క ఒకసారి చూద్దాం, ఎందుకంటే మీ ఇంటికి ఇప్పుడు బరువు తత్వమే మారిపోతోంది. మట్టి మిద్దె మీద పది అంగుళాల మన్ను ఉందనుకుంటే చదరపు మీటరుకు 400 కిలోల పైమాటే. వానాకాలం తడిస్తే ఇంకా ఎక్కువ. మంగళూరు పెంకులు, వాటి కింది సన్న చెక్కలైన రీపర్లతో కలిపి చదరపు మీటరుకు 65 కిలోలు, దంతెలు కలుపుకుంటే 75 నుంచి 80. అంటే కప్పు ఐదోవంతుకు దిగిపోతోంది. విన్నవాళ్ళంతా "బరువు తగ్గిందిగా, మంచిదేగా" అంటారు. సగమే మంచిది. మీ తాతగారి మిద్దె ఎంత గాలికీ లేవలేదు, లేవదు కూడా. పెంకుల కప్పు లేస్తుంది. కట్టడాల మీద పడే బరువుల భారతీయ ప్రమాణం ఐఎస్ 875, గాలి గురించిన మూడో భాగంలో కర్నూలుకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. మీ ఇంటికీ అదే పట్టుకుంటున్నాను. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 910 న్యూటన్లు, అంటే 93 కిలోల ఒత్తిడి. వాలు కప్పు మీద గాలి నొక్కడం కంటే పీల్చడమే ఎక్కువ. తలుపులు, కిటికీలు తెరిచి ఉంటే లోపలి గాలి కూడా కింద నుంచి తోస్తుంది. రెండూ కలిపితే చదరపు మీటరుకు 110 కిలోల దాకా పైకి లాగుతుంది. కప్పు సొంత బరువు 80. మే నెలలో సాయంత్రం గాలివాన వచ్చినప్పుడు మీ కప్పు కాసేపు బరువు లేనిదైపోతుంది, అంచుల్లో అయితే పైకి ఎగరాలని చూస్తుంది. అందుకే బరువుకు పీట, గాలికి బోల్టు.

ఈ బరువు తగ్గడం గోడలకూ దెబ్బే. మట్టి అడుసుతో కట్టిన రాతి గోడ నిలబడేది చాలావరకు పైన ఉన్న బరువు నొక్కి పట్టడం వల్ల. ఆ బరువు తీసేశాక గోడ తల మీద చుట్టూ ఆరంగుళాల కాంక్రీటు బెల్టు వేయించండి. ఇందులో బేల్దారి మేస్త్రి చెప్పినా రాజీ పడకండి.

ఇప్పుడు ఫ్రేము. చాలామంది ఫ్రేముల మధ్య దూరం ముందు నిర్ణయించుకుని, తర్వాత కర్ర కోసుకుంటారు. మీ విషయంలో తిరగేయాలి. మీ దూలాలు పది, పదకొండు అడుగులు అన్నారు. 24 అడుగులు దాటడానికి అవి పనికిరావు, కానీ ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య పది అడుగులు దాటడానికి బ్రహ్మాండంగా సరిపోతాయి. కాబట్టి 30 అడుగుల పొడవులో పదేసి అడుగులకు ఒకటి చొప్పున నాలుగు ఇనుప ఫ్రేములు. ఒక్కొక్కటి గుడారం ఆకారంలో, 30 డిగ్రీల వాలుతో, చూరు మట్టం నుంచి కొప్పు దాదాపు ఏడడుగుల ఎత్తు. వాటి మీద అడ్డంగా ఐదు వరుసల దూలాలు: వెన్నుదూలం ఒకటి, రెండు వాలుల మధ్యలో ఒక్కోటి, చూరుల దగ్గర ఒక్కోటి. దూలాల మీద దంతెలు వాసాల్లా దిగుతాయి, వాటి మీద రీపర్లు, పెంకులు. పదిహేను దూలాలు కావాలి. మీ దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

8 అంగుళాల చదరపు దూలం పది అడుగులు దాటి, వాలు మధ్యలో ఏడడుగుల మేర కప్పును మోస్తే, మనుషులు ఎక్కే బరువుతో సహా దాని మీద మొత్తం 870 కిలోల దాకా పడుతుంది. దాని వల్ల కర్రలో వచ్చే వంపు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు రెండున్నర న్యూటన్లు కూడా లేదు. టేకు వచ్చే బి తరగతి కర్రకు కర్ర కట్టడాల కోడ్ 12 దాకా ఒప్పుకుంటుంది. మట్టి మిద్దెను మోసిన దూలానికి ఇది ఆటలాంటిది. చివరకు ఒక్కో కొన దగ్గర దిగేది 435 కిలోలు, గుర్తు పెట్టుకోదగ్గ అంకె.

ఇనుప ఫ్రేము సొంత జాయింట్ల మీద ఎక్కువ రాయను, అది మీ డిజైనరు గీసి ఇవ్వాల్సింది. ఒక్కటి మాత్రం ఎవరూ చెప్పకపోతే నేను చెప్తాను. గుడారం ఆకారానికి కాళ్ళు బయటికి జారాలని ఉంటుంది. మీ కొలతలకు ఒక్కో ఫ్రేము చూరు దగ్గర సుమారు ఒకటిన్నర టన్ను బలంతో బయటికి తోస్తుంది. మట్టి అడుసు గోడ తల మీద ఒకటిన్నర టన్ను అడ్డంగా పెట్టడం అంటే గోడను వీధిలోకి తోయడమే. కాబట్టి చూరు మట్టంలో ఈ పక్క నుంచి ఆ పక్కకు టై, అంటే రెండు వైపులనూ కలిపి పట్టే ఇనుప ముక్క, కావాలి. బరువు లెక్కకు 16 మిల్లీమీటర్ల రాడ్డు చాలుతుంది. నేనైతే రాడ్డు వేయను, రెండు 50 యాంగిళ్ళు వీపు వీపు కలిపి వేస్తాను. గాలి పైకి లాగినప్పుడు ఆ బలం తిరగబడితే రాడ్డు దారంలా వదులైపోతుంది, యాంగిల్ నిలబడుతుంది. వాలు ముక్కలకు ఐఎస్ఎంబీ 150, అంటే 150 మిల్లీమీటర్ల ఎత్తున్న ఐ ఆకారపు ఇనుప బీము, సరిపోతుంది. కొప్పు దగ్గర రెండు ముక్కలు కలిసేచోట సైటులో వెల్డింగ్ వద్దు. షాపులోనే 12 మిల్లీమీటర్ల ప్లేట్లు కొనలకు అతికించి, పైన నాలుగు 16 మిల్లీమీటర్ల గట్టి రకం (8.8 గ్రేడు) బోల్టులతో కలపండి. నిచ్చెన మీద నిలబడి తలపైకి చేసిన వెల్డింగ్‌ను నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేదు. ఉక్కు కట్టడాల కోడు ఐఎస్ 800 కూడా సైటు వెల్డింగ్‌కు బలం తగ్గించే లెక్క వేయమంటుంది. ఇక ఫ్రేములు వరుసగా ఒకదాని మీద ఒకటి పడకుండా, చివరి రెండు ఫ్రేముల మధ్య, రెండు వాలుల్లోనూ ఇంటూ గుర్తు బ్రేసింగ్ మరిచిపోవద్దు. దూలాలే పట్టుకుంటాయిలే అనుకోకండి.

అసలు జాయింటుకు వద్దాం.

ఐఎస్ఎంబీ 150 పై రెక్క (ఐ అక్షరం పై గీత) వెడల్పు మూడు అంగుళాలు మాత్రమే. రెండు దూలాలు దాని మీద కొనకు కొన ఆనితే ఒక్కోదానికి అంగుళంన్నర ఆనుడు దక్కుతుంది. కొన నుంచి అంగుళంన్నర లోపల 12 మిల్లీమీటర్ల బోల్టు వేస్తే ఆ కొన ముక్క మొదటి గాలికే ఊడొస్తుంది. గట్టి కర్రలో బోల్టుకూ కొనకూ మధ్య కనీసం బోల్టు మందానికి ఐదు రెట్లు, అంటే 60 మిల్లీమీటర్లు ఉండాలి. నేను 75 ఉంచుతాను. అందుకని రెక్క మీద నేరుగా కాకుండా ఒక పీట చేయించాలి. 6 మిల్లీమీటర్ల ప్లేటుతో యూ ఆకారం, పొడవు 400 మిల్లీమీటర్లు, పక్క చెంపలు 120 మిల్లీమీటర్ల ఎత్తు. రెండు దూలాలు అటొకటి ఇటొకటి వచ్చి అందులో ఏడున్నరేసి అంగుళాలు కూర్చుంటాయి, కొనల మధ్య కాస్త ఎడంతో. అడుగు ప్లేటు ఒక్కటే ఉంటే రెక్క దాటిన మేర అప్పడంలా వంగుతుంది. పక్క చెంపలు ఉన్నాయి కాబట్టే వంగదు. కాబట్టి వెల్డింగ్ ఆయన "చెంపలు తగ్గిద్దాం, అందంగా ఉండదు" అంటే వినకండి.

ఫ్రేము వాలుగా ఉంది కదా, పీటను వాలు మీదే వాల్చి పెడితే దూలం కూడా వాలుతుంది, దాని బరువంతా కిందికి జారాలని చూస్తుంది, ఆ జారుడు బోల్టుల మీద పడుతుంది. అలా చేయకండి. పీట కింద 30 డిగ్రీలకు కోసిన ఇనుప ముక్కలతో ఒక మెట్టు కట్టించి, దాని మీద పీట రసమట్టంతో నిఖార్సుగా ఉండేలా అతికించాలి. దూలం నిటారుగా నిలబడుతుంది, బరువు నేరుగా కిందికి దిగుతుంది. జారుడు బలం అంతా మెట్టుకూ ఫ్రేముకూ మధ్య ఉన్న వెల్డింగ్ మోస్తుంది. అది దానికి తేలిక. 6 మిల్లీమీటర్ల వెల్డింగ్ నాలుగు అంగుళాల పొడవు ఉంటే సైటు లెక్కలో కూడా ఆరు టన్నులు పట్టుకుంటుంది, మనకు కావాల్సింది అర టన్ను. వెల్డింగ్ బలం చాలదని నేను ఎక్కడా అనడం లేదు, దాన్ని కర్ర పక్కకు తీసుకురావద్దంటున్నాను.

ఇప్పుడు బోల్టులు. ఒక్కో దూలం కొనకు రెండు 12 మిల్లీమీటర్ల బోల్టులు చాలు. రెండూ ఒకే ఎత్తులో, పీట అడుగు నుంచి 50 మిల్లీమీటర్ల పైన, దూలం పొడవు వెంబడి పక్కపక్కన, మధ్యలో 50 మిల్లీమీటర్ల ఎడం. ఒకదాని మీద ఒకటి నిలువుగా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. గాలి లెక్క చూస్తే మధ్య దూలం కొనలో నికరంగా పైకి లాగేది వంద కిలోలకు అటూ ఇటూ, చూరు, కొప్పు అంచుల్లో దానికి రెట్టింపు, ఇంకొంచెం. 12 మిల్లీమీటర్ల మామూలు 4.6 గ్రేడు బోల్టు ఒక్కటే కోతకు టన్నున్నర ఓర్చుకుంటుంది. రెండోది వేసేది ఒకటి వదులైతే ఇంకోటి ఉంటుందని.

నిలువుగా ఎందుకు వద్దంటానో ఒక ఇల్లు చూపిస్తాను. పన్నెండేళ్ళ క్రితం నంద్యాల వైపు ఒకాయన కొత్త ఇల్లు. సామిల్లు నుంచి పచ్చి కర్ర తెచ్చి, అచ్చం మీకు చెప్పినట్టే, దూలానికి రెండు పక్కలా ప్లేట్లు పెట్టి, పైన రెండు, కింద రెండు బోల్టులు బిగించారు. పైవాటికీ కిందివాటికీ మధ్య ఐదు అంగుళాలు. ఏప్రిల్ వచ్చేసరికి రాత్రుళ్ళు ఇంట్లో టప్ టప్ మని చప్పుళ్ళు. ఎవరో రాళ్ళు వేస్తున్నారని ఆయన రెండు రాత్రులు టార్చి పట్టుకుని మిద్దె మీద కూర్చున్నాడట. నేను వెళ్ళి చూస్తే ప్రతి దూలం కొనలోనూ బోల్టు బెజ్జం దగ్గర మొదలై నార వెంబడి రెండడుగుల నెర్రె, మధ్యలో పోస్టుకార్డు దూరేంత సందు. కర్ర ఎండితే పొడవు తగ్గదు, మందం తగ్గుతుంది. ఐదు అంగుళాలకు మూడు శాతం తగ్గినా మూడున్నర, నాలుగు మిల్లీమీటర్లు. ఇనుప ప్లేటు మీది బెజ్జాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. పై బోల్టు పైకి, కింది బోల్టు కిందికి పట్టుకుని లాగాయి. కర్రకు నారకు అడ్డంగా లాగితే ఓర్చుకునే శక్తి దాదాపు లేదు, కట్టెలు కొట్టేవాడికి తెలిసినదే. పీట అడుగు నుంచి బోల్టు 50 మిల్లీమీటర్లలోనే ఉంటే, అదే మూడు శాతానికి మిల్లీమీటరున్నర కదలిక. బెజ్జంలో ఉన్న వదులే దాన్ని మింగేస్తుంది. దూలం పైభాగం ఎంత తగ్గినా ఎవరూ దాన్ని పట్టుకుని లేరు కాబట్టి హాయిగా తగ్గుతుంది.

మీ అదృష్టం ఏమిటంటే మీ దూలాలు డెబ్బై, ఎనభై ఏళ్ళుగా ఎండినవి. చేవ కర్ర అయితే ఇక పెద్దగా తగ్గదు. కానీ పదిహేను దూలాలు లేకపోతే మిగతావి కొత్తవి కొంటారు, అక్కడే పట్టుబడతారు. కొత్త కర్ర ఈ వేసవంతా నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి ఆరబెట్టండి. పాతదీ కొత్తదీ ఒకే పీటలో కలపకండి, కొత్తవాటిని ఒక వరుసగా పెట్టండి.

ఇనుమూ కదులుతుంది, అది వేడికి. పెంకుల కింద ఇనుము మే మధ్యాహ్నానికీ డిసెంబరు తెల్లవారుజాముకూ మధ్య 45 డిగ్రీల తేడా చూసిందనుకుందాం. 30 అడుగుల ఇనుముకు ఐదు మిల్లీమీటర్ల దాకా పెరుగుదల. కర్ర పొడవునా అంత పెరగదు. అందుకని ప్రతి దూలానికీ ఒక కొన పీటలో గుండ్రటి బెజ్జం, రెండో కొన పీటలో పొడవాటి బెజ్జం, 14 వెడల్పు 30 పొడవు. ఆ రెండో కొన నట్టును చేత్తో తిరిగేంత బిగించి, వెనక ఇంకో నట్టు వేసి లాక్ చేయాలి. ఇలాంటి బెజ్జాలు గ్యాస్ కటింగ్‌తో చేస్తామంటారు. డ్రిల్లుతో రెండు బెజ్జాలు వేసి మధ్యది గ్రైండరుతో తీయమనండి.

పీటలు షాపులో చేయించేముందు ఒక పని. పాత దూలాలు ఏ రెండూ ఒకేలా ఉండవు, బాడిసతో చెక్కినవి, ఒక కొనకూ ఇంకో కొనకూ అర అంగుళం తేడా మామూలే. దూలాలన్నీ నేల మీద వరుసగా పరిచి, సుద్దతో నంబర్లు రాసి, ప్రతి కొన వెడల్పు కొలిచి, ఆ నంబరుకు ఆ పీట చేయించండి. లోపలి వెడల్పు దూలం కంటే ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ. ఇది చేయకపోతే పైకెక్కాక ఒకటి దూరదు. అప్పుడు మీ ఆచారి దూలాన్ని చెక్కుతాడు, లేదా వెల్డింగ్ ఆయన చెంపను కోసి మళ్ళీ అతికిస్తాడు, రెండోది మరీ అన్యాయం.

అతికించడం అన్నాను కాబట్టి చెప్తున్నాను, కర్ర పైకెక్కాక దాని దగ్గర వెల్డింగ్ మంట రానివ్వకండి. ఇది నాకే జరిగింది. ఒక సైటులో నేను లేనప్పుడు, దూలం పీటలో ఉండగానే చిన్న క్లీట్ (పట్టు కోసం వేసే ఇనుప ముక్క) అతికించారు. సాయంత్రం ఇంటికి పోయారు. రాత్రి ఇంటివాళ్ళు పొగ వాసన పట్టి లేచారు. పాత వేప దూలంలో పురుగు తొలిచిన బెజ్జంలోకి ఒక నిప్పురవ్వ పోయి, లోపల్లోపలే ఆరేడు గంటలు రాజుకుంది. బయట నల్లమచ్చ కూడా లేదు, లోపల గుప్పెడు బూడిద. ఇంక తప్పని పరిస్థితి అయితే తడిపిన గోనె సంచులు కప్పి, పని అయ్యాక కనీసం రెండు గంటలు ఒక మనిషిని నీళ్ళ బకెట్టుతో కూర్చోబెట్టండి.

తుప్పు. కర్రా ఇనుమూ నేరుగా తగిలితే, మధ్యలో కొంచెం తడి చేరితే చాలు, కర్రలోని వగరు ఇనుముతో కలిసి నల్లగా మారుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు ఇదే గుణాన్ని వాడుకుంటారు: ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసిమి నీళ్ళను కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే చిక్కటి నలుపు పుడుతుంది. బట్ట మీద అందం, మీ దూలంలో బోల్టు చుట్టూ అదే నలుపు కనపడితే లోపల ఇనుము కరుగుతోందని అర్థం. మనది వాన తక్కువ సీమే, అయినా పెంకు పగిలి ఒక్కచోట కారితే ఆ ఒక్కచోటే పీటలో నీళ్ళు నిలుస్తాయి. కాబట్టి పీట అడుగున మధ్యలో 10 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి, నీళ్ళు పోవడానికి. పీటలను వీలైతే గాల్వనైజ్ చేయించండి, లేకపోతే గ్రైండరుతో పొలుసు తీసి రెడాక్సైడు రెండు పూతలు, పైన ఎనామిల్. ఈ రంగు దూలం దిగాక కాదు, దిగకముందే. లోపలా, చెంపలకూ తారు ఫెల్టు పరచండి. బోల్టులు మాత్రం గాల్వనైజ్ చేసినవే కొనండి, ఆ డబ్బు మిగిల్చి ఎవరూ బాగుపడలేదు.

ఫ్రేము కాళ్ళు ఎక్కడ నిలబడాలి అన్నది మీరు అడగలేదు, కానీ అడగాల్సింది. రాతి గోడ మీద కాదు. గోడ లోపలి అంచున, అంగుళం ఎడంగా, సొంత పునాదుల మీద. ప్రొద్దుటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఉంటుంది, ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బే నేల. ఆ నెర్రెలు దిగే లోతు దాటి కిందికి పునాది పోవాలి. మీ పెరట్లో ఈ వేసవిలో ఒక గుంత తవ్వి చూస్తే ఆ లోతు మీకే కనపడుతుంది. కాలి కింద ప్లేటు, పునాదిలో పాతిన నాలుగు 16 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టులు, ప్లేటు కింద సందు నింపే సిమెంటు గ్రౌటు. మిగతాది డిజైనరు గీస్తాడు.

దంతెలను దూలాల మీద కూర్చోబెట్టడం మాత్రం పూర్తిగా మీ ఆచారికి వదిలేయండి, అక్కడ ఇనుమూ ఇంజనీరూ అక్కర్లేదు. నేను కోరేది ఒక్కటే, ప్రతి దంతెకూ మేకుతో పాటు ఒక చిన్న రేకు పట్టీ దూలానికి తొడిగించండి, గాలి కోసం. బాగా ఎండిన వేప, తుమ్మల్లో మేకు నేరుగా కొడితే వంగుతుంది, లేదా కర్ర చీలుతుంది. ముందు సన్న డ్రిల్లు వేయాలి. పాత కర్రలోనే విరిగిన మేకులుంటాయి, రంపం పెట్టేముందు అయస్కాంతంతో ఒకసారి తడమమనండి. ఇక ఏ దూలం పనికొస్తుంది, ఏది రాదు అన్నదానికి గోడలో దాగి ఉన్న కొనలు చూడండి. చెదలు, చెమ్మ మొదలయ్యేది అక్కడే. సుత్తితో కొడితే ఖంగుమనాలి, బోలుగా మోగితే స్క్రూడ్రైవరు గుచ్చండి. అర అంగుళం దిగితే ఆ కొన కోసేయండి. పదకొండు అడుగుల దూలమైతే, మనకు కావాల్సింది పదే కాబట్టి, అడుగు కోసినా నష్టం లేదు.

కట్టిన మొదటి వేసవి దాటాక, జూన్‌లో వానలు పడకముందే, ఒక మనిషి స్పానరు పట్టుకుని అన్ని బోల్టులూ చూడాలి. గుండ్రటి బెజ్జం వైపువి బిగించాలి, పొడవు బెజ్జం వైపువి చేత్తో తిరిగేంత ఉంచాలి. కాబట్టి ఏ బోల్టు తలా సీలింగ్ వెనక దాక్కోకుండా చూసుకోండి.

ఇక పువ్వు దూలం. దాన్ని వెన్నుదూలంగా పెట్టకండి, అంత ఎత్తులో ఎవరూ చూడరు. హాల్లోకి రాగానే ఎదురుగా కనపడే మధ్య వరుసలో పెట్టండి. దానికి మాత్రం పీట చెంపలు కనపడకూడదంటే, దూలం కొనలో కింది నుంచి మధ్యగా 8 మిల్లీమీటర్ల చీలిక రంపంతో తీసి, కింది పీట మీద నిలబెట్టిన 6 మిల్లీమీటర్ల ప్లేటు అందులోకి దూరేలా చేయొచ్చు. బరువు అప్పుడూ పీట మీదే, ప్లేటు పట్టుకోవడానికి మాత్రమే. ఈ ఒక్కదాంట్లో పక్క చెంపలు లేవు కాబట్టి అడుగు ప్లేటు 16 మిల్లీమీటర్లు చేయించి, కింద అడ్డపట్టీ వేయించాలి. బోల్టు తలలను అర అంగుళం లోపలికి దించి, అదే కర్ర ముక్కతో బిరడా కొట్టించండి, జిగురు పెట్టకుండా, రేపు స్పానరు పెట్టాలంటే ఊడి రావాలి. బెజ్జం డ్రిల్లు చేసేటప్పుడు పువ్వున్న వైపు నుంచి మొదలుపెట్టి గోడ వైపుకు తీయమనండి. డ్రిల్లు బయటికొచ్చే వైపే కర్ర పెచ్చులు లేస్తుంది.